కాబూలీ శనగల సలాడ్‌లో తినే వేళకు నీరు ఊరకుండా ఏం చేయాలి?

మధ్యాహ్నం డబ్బాలోకి కాబూలీ శనగలతో, కూరగాయ ముక్కలు దండిగా వేసి సలాడ్ చేస్తున్నాను. రాత్రంతా నానబెట్టిన శనగలు, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలుగుతూ, పొట్టు మాత్రం ఊడకుండా చక్కగా ఉడుకుతున్నాయి. చిక్కల్లా కీరా, టమాటాలతోనే: ఉదయం ఉప్పు, నిమ్మరసం కలిపి మూత పెడితే, తినే వేళకు ముక్కలు వడలిపోయి, అడుగున పలచని పుల్లనీళ్లు నిలుస్తున్నాయి. ఉప్పు కూరగాయల్లోని నీటిని బయటకు లాగుతుంది కనుక, కీరాలోని గింజల భాగం తీసివేసి, ముక్కలకు ముందే ఉప్పు పట్టించి, ఊరిన నీటిని వంపేసి కలపడం మేలా, లేక ఉప్పు, నిమ్మరసం, నూనె చిన్న సీసాలో విడిగా తీసుకువెళ్లి అప్పటికప్పుడు కలుపుకోవడం మేలా? రెండవ పద్ధతిలో శనగలకు రుచి పట్టదేమోనని సందేహం; చప్పిడి శనగలు తినడం నాకు శిక్షే. శనగలకు మాత్రం వేడి మీదే ఉప్పు, నిమ్మరసం పట్టించి, పూర్తిగా చల్లారాక క్యారెట్, క్యాప్సికం, క్యాబేజీ వంటి గట్టి ముక్కలు కలిపితే సరిపోతుందా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.