రిపోర్టు బాగానే వచ్చింది, మాత్ర తగ్గించొచ్చా?

పర్లాకిమిడి కుర్రాడు:
మా చిన్నాన్నకి పోయినేడాది సీఎమ్‌ఎల్ అనే బ్లడ్ కేన్సర్ అన్నారు. అప్పటినుంచి రోజూ ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు. జుట్టు ఊడలేదు, మంచం పట్టలేదు, కొట్లో కూర్చుని బేరాలాడుతున్నాడు. మొన్న తెల్లకణాల లెక్క మామూలుకొచ్చింది, దాంతో "ఇంకెందుకురా, రోజు విడిచి రోజు వేసుకుంటాను" అంటున్నాడు. డాక్టరుగారు ఒడియాలో వివరంగానే చెప్పారు గానీ, నేను చదివిందంతా పాతపట్నంలో, సగమే ఎక్కింది. అసలు ఒక్క మాత్రతో కేన్సర్ ఎలా తగ్గుతుంది?

బరంపురం బయోటెక్:
ముందు ఆయన్ని తగ్గించనివ్వకండి. ఎముక మజ్జలో ఒక కణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ దాని ముక్క తారుమారయ్యాయి. పొట్టిగా మిగిలిన ఆ 22నే ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటారు, 1960లో కనిపెట్టారు. ముక్కలు మారడం వల్లే అలా అయిందని 1973లో జానెట్ రౌలీ అనే అమెరికా శాస్త్రవేత్త తేల్చింది. అతుకు పడ్డ చోట బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త ప్రొటీను పుడుతుంది. మామూలు కణాల్లో ఉండే ఏబీఎల్ ప్రొటీను అవసరమైనప్పుడు పనిచేసి ఊరుకుంటుంది, ఇది ఊరుకోదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేటు తీసి పక్క ప్రొటీన్లకి అంటిస్తూనే ఉంటుంది, ఆ కబురు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకి చివరికి కణం చావడం మానేసి పిల్లల్ని పెట్టుకుంటూ పోతుంది. ఇమాటినిబ్ చేసేదల్లా ఏటీపీ కూర్చునే గుంటలో తను కూర్చోవడం. పొలంలో మోటారు ఆగకపోతే ఫ్యూజు పీకి ఆ సందులో చెక్కముక్క దూర్చినట్టు. చెక్క తీస్తే ఫ్యూజు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, మోటారు మళ్ళీ మొదలు.
అన్నట్టు ఆ ఏటీపీని 1929లో బయటపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఈ మాట మా క్లాసులో ఎవరూ చెప్పలేదు, ఇప్పటికీ మంటే.

రాయగడ అక్క:
తమ్ముడూ, నాకూ ఇదే జబ్బు, ఆరేళ్ళయింది. ఇంట్లో పెళ్ళి పనుల్లో పడి నాలుగు నెలలు గుర్తొస్తే వేసుకున్నా, లేకపోతే లేదు. రక్తం లెక్క బాగానే ఉంది, రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్‌లో మాత్రం అంకె పైకి లేచింది. చూడాల్సింది ఆ పరీక్ష. పొద్దున్నే కళ్ళకింద ఉబ్బు వస్తోందా ఆయనకి? వికారానికి భయపడి మానేస్తున్నారేమో, అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోమను. ఖర్చయితే నెపం కాదు, 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్ (ఇమాటినిబ్‌కి కంపెనీ పేరు) పేటెంటు కుదరదన్నాక మనకి జెనరిక్, అంటే వేరే కంపెనీలు చేసే అదే మందు, చవగ్గా దొరుకుతూనే ఉంది.

బరంపురం బయోటెక్:
అక్క చెప్పింది నిజం. ఇంకోటి, మిగిలిన కణాల్లో ఏదో ఒకదానిలో ఆ గుంట ఆకారమే మారిపోవచ్చు. టీ315ఐ అనే మార్పు వస్తే ఇమాటినిబ్ అందులో పట్టదు, వేరే మందుకి వెళ్ళాలి. కొన్నేళ్ళు పీసీఆర్‌లో దాదాపు కనబడనంత తగ్గినవాళ్ళకి డాక్టర్లే మాన్పించి చూస్తారు, వాళ్ళలోనూ సగం మందికి దాకా తిరగబెడుతుంది. మీవాళ్ళకి ఏడాదే కదా.

పర్లాకిమిడి కుర్రాడు:
పీసీఆర్ ఎప్పుడు చేయించావని అడిగా. "అదా, రాసిచ్చారు, చీటీ గల్లాపెట్టెలో ఉంది" అన్నాడు. సోమవారం బరంపురం తీసుకెళ్తున్నా అక్కా. కళ్ళ ఉబ్బు నిజమే, నిద్ర చాలట్లేదని పిన్ని రోజూ తిడుతోంది.