పద్యనాటకానికి హాలు మేలా, మైదానం మేలా? (విజయనగరం ఒక రాత్రి ప్రయాణం)

నాగావళి ఒడ్డు:
శ్రీకాకుళం నుంచి ఇంటిల్లిపాదీ విజయనగరం వెళ్లి, సాయంత్రం పద్యనాటకం చూసి, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు కోట, పైడితల్లి గుడి చూసుకుని వచ్చే ప్రయాణం గురించి ఈ చర్చ. దసరా తర్వాత ఉత్సవాల రోజుల్లో మైదానంలో వేదికలు కడతారు. మిగతా రోజుల్లో నాటకమంటే ఆనందగజపతి ఆడిటోరియం లాంటి మూసిన హాలు. ఒక్క రాత్రికే వీలుంటే దేనికి వెళ్లాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: హాలుకే. మన పద్యంలో సమాసాలు పొడుగు. రాయబారం సీనులో కృష్ణుడు ఒక్క పాదంలో నాలుగైదు మాటలు కలిపి వదులుతాడు. అందులో రెండక్షరాలు గాలికి పోతే మిగిలేది రాగమే, మాట ఉండదు. మాట వినపడని పద్యనాటకానికి అంత దూరం వెళ్లడం ఎందుకు? ఒప్పుకోనివారు కారణం చెప్పండి.

తూర్పు మద్దెల:
నేను ఒప్పుకోను మాస్టారూ. ఉత్తరాంధ్రలో పాటతో, ఆటతో నడిచే కళలన్నీ ఆరుబయటే పెరిగాయి. తూర్పు భాగవతం రాత్రంతా ఊరి నడుమ ఆడతారు, మద్దెల దెబ్బ పక్క వీధికి వినిపిస్తుంది. తప్పెటగుళ్లు, జముకుల కథ ఏవీ హాలు కోసం పుట్టలేదు. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలైన ఆదిభట్ల నారాయణదాసు గారు మైకు లేకుండా హరికథ చెప్పి జనాన్ని కూర్చోబెట్టినవారు. గొంతు ఉంటే బయలు అడ్డం కాదు.

ఇంకొకటి. హాల్లో ప్రేక్షకుడు బొమ్మలా కూర్చుంటాడు. బయట పద్యం తెగగానే 'వన్స్‌మోర్' అని నలుమూలల నుంచీ కేక వస్తుంది. ఆ కేకే నటుడి చేత రెండోసారి మరింత బాగా పాడిస్తుంది. అది లేని పద్యనాటకం ఉప్పు లేని పప్పు.

పెట్టె శ్రుతి:
నారాయణదాసు గారి ఉదాహరణ సగమే నిలుస్తుంది. ఆ రోజుల్లో హరికథ చెప్పిన పందిరి అంటే ఖాళీ మైదానం కాదు కదా. పైన తాటాకు, మూడు వైపులా దడి, జనం కథకుడి చుట్టూ దగ్గరగా, చుట్టుపక్కల మోటారు చప్పుడు లేదు. ఈనాటి మైదానంలో మొదటి వరుస వేదికకు పాతిక అడుగుల దూరంలో మొదలవుతుంది. మధ్యలో ముఖ్య అతిథుల సోఫాలు.

ఇంకో సంగతి కూడా చూడండి. రంగస్థల పద్యాన్ని అంత పై శ్రుతిలో పాడటం మైకు లేని కాలం నుంచి వచ్చిన అలవాటు. చివరి వరుసకు అందాలని గొంతు ఎత్తారు. ఇప్పుడు మైకు వచ్చింది, శ్రుతి మాత్రం దిగలేదు. పై స్థాయి గొంతును బాకా స్పీకర్లలోంచి వదిలితే చెవికి గుచ్చుకుంటుంది. బాకాలో మంద్రం రాదు, మధ్య స్థాయి మాత్రం కరకరలాడుతుంది. కాబట్టి వంక బయలుది కాదు, బాకాలది. ఆహ్వాన పత్రిక చూసి వెళ్లేముందు వేదిక దగ్గర ఏ స్పీకర్లు పెడుతున్నారో కనుక్కోండి. కరెంటు స్తంభాలకు బాకాలు కట్టి ఉంటే నాగావళి గారి మాటే నిజం, హాలు కోసం ఆగండి.

రెండో వింగు:
సౌండు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ వాదం సగం ఇక్కడే తేలుతుంది.

బయట గోడల ఆసరా ఉండదు కాబట్టి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్ తగ్గుతుంది. నటుడు గట్టిగా పాడితే మీటరు దూరంలో 90 ఉందనుకోండి. 2, 4, 8, 16, 32 మీటర్లు, అంటే అయిదు రెట్టింపులు, 30 డెసిబెల్ పోయింది. 32వ మీటరు దగ్గర మిగిలింది 60. కబుర్లాడుకునే జనం చప్పుడు కూడా ఇంచుమించు అంతే. అందుకే మైకు తప్పదు. దాన్ని పెట్టే తీరులోనే తప్పులన్నీ జరుగుతాయి.

మొదటి తప్పు, వెనకవాళ్ల కోసం ముందున్న స్పీకర్లనే పెంచుకుంటూ పోవడం. ముందు వరుస చెవులు మూసుకుంటుంది, వెనక వరుసకు మాట తెలియదు. సరైన పద్ధతి ఏమిటంటే, సుమారు 35 మీటర్ల దగ్గర ఇంకో జత స్పీకర్లు నిలబెట్టి, వాటికి సౌండు ఆలస్యంగా పంపడం. మన వాతావరణంలో ధ్వని సెకనుకు దాదాపు 348 మీటర్లు పోతుంది. 35 మీటర్లకు 100 మిల్లీ సెకన్లు. డిజిటల్ మిక్సర్లో 110 నుంచి 115 పెడితే వేదిక గొంతు ముందు చెవిన పడి, వెనక స్పీకరు దానికి బలమిస్తుంది. ఏ ఆలస్యమూ పెట్టకుండా రెండో జత కలిపేస్తే ఒక్కో అక్షరం రెండుసార్లు వినిపిస్తుంది. ద్విత్వాలూ సంయుక్తాలూ ముద్దయిపోవడానికి కారణం ఇదే. నాగావళి గారు 'గాలికి పోతుంది' అన్నది చాలా చోట్ల గాలి వల్ల కాదు, ఈ ఆలస్యం సరిచేయనందువల్ల.

రెండో తప్పు, పైనుంచి వేలాడదీసే మైకులు. హాల్లో ఇవి చక్కగా పనిచేస్తాయి. బయట గాలి తగిలి బుసబుసమంటాయి, కొంచెం పెంచగానే స్పీకరు శబ్దాన్నే పట్టుకుని కూస్తాయి. ఆరుబయట ప్రతి పాత్రకూ ఒంటి మీద పెట్టుకునే చిన్న మైకు కావాలి. అది ఛాతీ మీద పెడితే హారాలు, భుజకీర్తులు రాసుకుంటాయి. కిరీటం అంచు కింద, నుదుటి జుట్టు మొదట్లో టేపు వేసి అంటించి, దాని మీద చిన్న స్పాంజి తొడగాలి. చెమట లోపలికి పోకుండా వైరును మైకు దగ్గర చిన్న మెలిక తిప్పాలి, చెమట ఆ మెలిక దగ్గర కిందికి జారిపోతుంది. బ్యాటరీలు ఆట మొదలయ్యే ముందు కొత్తవి వేయాలి, నిన్నటివి పనికిరావు.

పెట్టె శ్రుతి:
రెండో వింగు గారు చెప్పనిది ఒకటి కలుపుతాను. జనానికి వినిపించడం ఒకటైతే, నటుడికి హార్మోనియం వినిపించడం మరొకటి. పెట్టె ఎప్పుడూ ఒక పక్క వింగులో, అంటే వేదిక పక్కన తెర చాటున ఉంటుంది. హాల్లో దాని శబ్దం గోడకు కొట్టుకుని వేదికంతా నిండుతుంది. బయట అది పక్కకు వెళ్లిపోతుంది. ముప్పై అడుగుల వేదికలో అవతలి అంచున ఉన్న నటుడికి శ్రుతి అందదు. రాగాలాపన తీసేటప్పుడు పావు స్వరం పైకి పోతాడు, పద్యం ముగించి పెట్టెతో కలిసే చోట అది బయటపడుతుంది. జనం నటుడికి శ్రుతి లేదంటారు. నిజానికి అతనికి శ్రుతి ఇవ్వలేదు. అవతలి వింగులో నేల మీద చిన్న స్పీకరు పెట్టి అందులో పెట్టె ఒక్కటే వదలాలి, గొంతు కలపకూడదు.

తబలా సంగతి కూడా. రాత్రి పొద్దుపోయాక మంచు దిగితే కుడి తబలా చర్మం తేమ పట్టి వదులవుతుంది, శ్రుతి దిగుతుంది. సుత్తితో కొట్టి ఎక్కిస్తూ కూర్చుంటే సీను ఆగుతుంది. అందుకని రెండు కుడి తబలాలు ఉండాలి. ఒకటి వాడుతుంటే రెండోది గుడ్డ కప్పి వెలుగుతున్న బల్బు పక్కన వెచ్చగా ఉంచాలి. హార్మోనియం రీడు తేమకు బిగుసుకుని మూగబోతే ఆ రాత్రికి బాగు కాదు, రెండో పెట్టె తప్పనిసరి. హాల్లో ఈ బెడద చాలా తక్కువ. ఇది మాత్రం హాలు పక్షాన న్యాయంగా చెప్పాల్సిన మాట.

వెనక బెంచీ:
వీటన్నిటికంటే పెద్ద తేడా సమయం. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

మూడు లాంతర్లు:
నేను మాట్లాడతాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసిన హాళ్లకు మినహాయింపు ఉంది. పండుగలు, సాంస్కృతిక సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు.

అంటే తెల్లవార్లూ ఆడే నాటకం మైకుతో బయట కుదరదు. సాయంత్రం 6.30కి అని పత్రికలో వేస్తారు. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, సన్మానాలు అయ్యేసరికి 8 దాటుతుంది. మిగిలింది రెండు గంటలు. పద్యం, ఆలాపన, మధ్యలో ఒక వన్స్‌మోర్ కలిపితే ఒక్కోదానికి నాలుగు నిమిషాలు వేసుకోండి. సంభాషణలు తీసేసినా ముప్పై పద్యాలకు మించి పట్టవు. అందుకే బయట దొరికేది ఎక్కువగా సీన్లే: రాయబారం ఒకటి, హరిశ్చంద్ర కాటి సీను ఒకటి. కథ మొత్తం చూడాలనుకుంటే హాలు. మంచి గొంతులు రెండు మూడు ఒకే వేదిక మీద వినాలనుకుంటే ఉత్సవ మైదానం. నాగావళి గారి ప్రశ్నకు నా జవాబు ఇదే.

తూర్పు మద్దెల:
సమయం పోయేది సన్మానాల వల్ల. దానికి మైదానాన్ని శిక్షించడం అన్యాయం. సన్మానం మర్నాడు ఉదయం పెట్టుకోవచ్చు. నాటకం 6.30కి తెర లేస్తే మూడున్నర గంటలు, పూర్తి నాటకానికి అది చాలు. నిర్వాహకులు ఈ ఒక్క మార్పు చేయగలిగితే హాలువాళ్ల వాదంలో సగం కూలిపోతుంది.

నాగావళి ఒడ్డు:
సన్మానాల మాట ఒప్పుకుంటాను. ఆలస్యం సరిచేసే లెక్క నాకు కొత్త, ధన్యవాదాలు. కానీ వాన సంగతేమిటి? పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం. ఆ చుట్టుపట్ల రోజులే మనకు తుపాను రోజులు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. ఆ వారంలో బయట నాటకం పెట్టడమే తప్పని నా వాదం.

రెండో వింగు:
తుపానుకు హాలూ ఆడదు, జనం ఇల్లు దాటరు. మీరు భయపడాల్సింది మామూలు జల్లుకు. దానికి సిద్ధమై ఉండొచ్చు. కరెంటు పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు ఉండాలి, ఎర్తు విడిగా దింపాలి, కేబుళ్ల అతుకులు నేల మీద కాక కుర్చీ ఎత్తులో కట్టాలి. జల్లు మొదలవగానే ముందు వేదిక లైట్ల లైను ఆపాలి. వేదిక మీద నీళ్లు ఉండగా 'ఈ పద్యం అయ్యాక ఆపుదాం' అనడం ప్రాణాంతకం. ఇందులో నాకు రెండో మాట లేదు.

జల్లు వెలిసిన సాయంత్రం ఇంకో చిక్కు, ఉసుళ్లు. తెల్లటి లైటు వేస్తే వేదిక నిండిపోతాయి, నోరు తెరిచి ఆలాపన తీసే నటుడి గొంతులోకి పోతాయి. వేదికకు పసుపు, నారింజ రంగు లైట్లు వాడి, యాభై అడుగుల అవతల ఒక తెల్లటి లైటును ఎత్తులో వెలిగించి ఉంచితే చాలావరకు అటు వెళ్తాయి.

తెరల విషయానికొస్తే, దర్బారు తెర, అడవి తెర గాలికి తెరచాపల్లా ఉబ్బుతాయి. అడుగున ఇనుప పైపు దోపి రెండు మూలలా కట్టాలి. తీగలతో గాల్లో ఎగిరే, మాయమయ్యే ట్రిక్కు సీన్లు మాత్రం బయట వద్దనే నేనూ అంటాను. సురభి వారి తరహా నాటకానికి హాలే సరి.

మూడు లాంతర్లు:
ప్రయాణం వివరాలు కూడా రాసేస్తాను, అడిగినవాళ్లున్నారు.

శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి బస్సు రణస్థలం మీదుగా నాతవలస దాకా హైవేలో వచ్చి అక్కడ విజయనగరం వైపు తిరుగుతుంది. రెండు గంటలు వేసుకోండి. రైలైతే గంట చాలు, కానీ శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి సుమారు 13 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు రైలు హాయి. అర్ధరాత్రి తిరిగొస్తే ఆ 13 కిలోమీటర్లకు ఆటో దొరకడం కష్టం. పెద్దవాళ్లు ఉంటే రాత్రి విజయనగరంలోనే ఉండాలి.

సోమవారం తోలేళ్ల ఉత్సవం, మంగళవారం సిరిమాను. ఈ రెండు రోజుల్లో గదులు దొరకవు, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా దారులు మూసేస్తారు, అడుగు తీసి అడుగు వేయలేరు. అమ్మవారి కోసం వచ్చేవాళ్లు రావాలి, నాటకం కోసం మాత్రం ఆ రెండు రోజులూ వద్దు. దానికి ముందు శని, ఆదివారాలు మేలు. మర్నాడు ఉదయం స్టేషను ఎదుటి పైడితల్లి వనంగుడి, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి, గంటస్తంభం, 1713లో కట్టిన కోట, ఇవన్నీ మధ్యాహ్నం లోపు అయిపోతాయి.

వెనక బెంచీ:
మైదానంలో ఎక్కడ కూర్చోవాలి?

పెట్టె శ్రుతి:
ముందు వరుసలో వద్దు. అక్కడ స్పీకర్లు రెండు పక్కలకు చీలిపోతాయి, నటుడు ఎదురుగా ఉన్నా గొంతు పక్కనుంచి వస్తుంది. మైదానం మధ్యలో సౌండు మిక్సరు బల్ల ఉంటుంది చూడండి, దానికి రెండు వరుసలు ముందు కూర్చోండి. ఆ మనిషి తన చెవికి సరిపెట్టుకున్న సౌండే మీకూ అందుతుంది. పద్యం మాట తెలియకపోతే వెనక్కి తిరిగి అతనికే నెమ్మదిగా చెప్పండి: 'బాబూ, కొంచెం బేస్ తగ్గించు.' పెంచమని మాత్రం అడగొద్దు.

నాగావళి ఒడ్డు:
సరే. ఉత్సవాల్లో సీన్లకు మైదానం, మాఘంలో పూర్తి నాటకానికి హాలు, ఇంతవరకు దిగి వస్తాను. బాకాలు కట్టిన చోటికి మాత్రం రాను.

తూర్పు మద్దెల:
మాఘంలో కూడా బయటే ఆడాలంటాను. వాన ఉండదు, మంచు దిగేలోపు ముగించవచ్చు. తబలాలు రెండు తెచ్చుకుంటే సరి.