డ్రిప్పు వేస్తే నిజంగా నీళ్లు మిగులుతాయా? (చీనీ అంటే బత్తాయి, 4 ఎకరాలు)

చీనీతోట_తాడిపత్రి
బోరు ఒకటే, రెండించుల నీళ్లు. ఎండాకాలం ఇంచున్నరకు పడిపోతుంది. ఇప్పటిదాకా పాదులకు పారగడుతున్నాం. డ్రిప్పు వేస్తే మిగిలే నీళ్లతో ఇంకో రెండెకరాలు నాటొచ్చా? పాత చెట్లకు లాటరల్ (వరస వెంట వేసే డ్రిప్పు పైపు) ఒకటా, రెండా? సబ్సిడీ ఫైలు మీకు ఎన్నాళ్లకు కదిలింది?

సెనక్కాయ_కళ్యాణదుర్గం
మిగలడమా! మా ఊళ్లో డ్రిప్పు వచ్చాక ఎకరా తోట ఉన్నవాడు మూడెకరాలు చేశాడు. వాణ్ని చూసి పక్కవాడు. 300 అడుగుల్లో ఉన్న నీళ్లు ఇప్పుడు 700లో. నేను మూడు బోర్లు వేయించాను, మూడింట్లోనూ దుమ్మే లేచింది. బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది.

పెన్న_ఒడ్డు
అందరికీ అలా కాదన్నా. మా దానిమ్మ డ్రిప్పు వల్లే బతికింది. కాకపోతే ఉప్పు నీళ్లు, ఏడాదికి రెండుసార్లు యాసిడ్ పట్టకపోతే డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

కాలువల_ఇంజనీరు
31 ఏళ్లు కాలువల మీద పనిచేసినవాణ్ని, చెప్తా వినండి. ఆవిరైపోయేది తగ్గితేనే అసలు ఆదా. భూమిలోకి ఇంకింది పోయినట్టు కాదు, కిందవాడి బావిలో తేలుతుంది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ తీర్పులో ఉమ్మడి రాష్ట్రానికి 800 టీఎంసీల మీద ఇంకో 11 ఇచ్చింది ఇలా పొలాల నుంచి నదికి తిరిగొచ్చే నీళ్ల లెక్కలోనే. కానీ కృష్ణ, తుంగభద్రల నుంచి మళ్లించే హంద్రీ-నీవా, కేసీ కాలువ నీళ్లు పెన్నా బేసిన్‌లోకి దాటాక అక్కడ ఇంకిన చుక్క కృష్ణకు తిరిగిరాదు. అది పెన్నా బావులకే.

హంద్రీనీవా_గట్టు
మీ నోటితో మీరే అన్నారు! మరి రెండో దశ కాలువకు లైనింగు దేనికి సార్? కాలువ జాలుతోనే మా బావి ఊరుతోంది. కాంక్రీటు పడితే మేము మళ్లీ బెంగళూరు బస్సే.

చివరాయకట్టు_మదనపల్లె
మీ బావిలో ఊరేది మా వాటా. పైన మీరు జాలు తాగితే చివరికి మాకు నాచు వస్తుంది.

హంద్రీనీవా_గట్టు
వాటా అంట! భూములు పోయింది మాకు. నీకు ఒక్క సెంటు పోయిందా?

చివరాయకట్టు_మదనపల్లె
గట్టు మీద మోటార్లు పెట్టింది ఎవరో కూడా చెప్పు మరి. రాత్రి పదింటికి స్టార్టర్లు వాటంతటవే ఆన్ అవుతాయా?

కాలువల_ఇంజనీరు
ఇద్దరూ ఆగండి. లైనింగు వేస్తే నష్టాలు తగ్గుతాయి, ఊటా తగ్గుతుంది. రెండూ నిజమే. సీపేజీ (జాలు) ఫార్ములా ప్రకారం...

హంద్రీనీవా_గట్టు
ఫార్ములా పోస్తే చెట్టు బతకదు సార్.

మోడరేటర్
మాట జారొద్దు. దొంగ అన్న పోస్టు ఒకటి తీసేశాను.

కేసీ_కర్నూలు
మీకు గొడవ పడటానికైనా కాలువలో నీళ్లున్నాయి. మా కేసీ కాలువకు తుంగభద్రే దిక్కు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడికతో 105 దగ్గరికొచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఫోను పట్టుకునే తెల్లారింది నాకు. మనం ఇక్కడ గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్ లెక్కలు వేస్తాం, అక్కడ లక్ష క్యూసెక్కులు కిందికి.

రాయచోటి_చెరువు
డ్యాం సంగతి సరే. మా వంక పొడుగునా పైవాళ్లు చెక్‌డ్యాంలు కట్టుకున్నారు. వాళ్ల బోర్లు లేచాయి, సంతోషం. మా చెరువు మరవ (అలుగు) పారి ఎన్నేళ్లయిందో మా పిల్లలకు తెలియదు. పైవాడి ఆదా కిందివాడి కరువు. దీన్ని ఎవరూ మాట్లాడరు.

సెనక్కాయ_కళ్యాణదుర్గం
చెక్‌డ్యాంలో నీళ్లు నిలిచేది ఎన్నాళ్లు? మా దగ్గర ఒకటి కట్టారు, క్రికెట్ పిచ్‌కు బాగుంది.

చీనీతోట_తాడిపత్రి
అన్నలూ, నా లాటరల్ సంగతి?

పెన్న_ఒడ్డు
రెండు వెయ్యి. పెద్ద చెట్టుకు ఒకటి చాలదు. కొత్త రెండెకరాలు మాత్రం ఈ ఎండాకాలం బోరు చూశాక అనుకో. ఉడుతలు పైపులు కొరుకుతాయి, చెట్ల కింద చిప్పల్లో నీళ్లు పెట్టు. మా తోటలో అదే చేస్తున్నాం.

సెనక్కాయ_కళ్యాణదుర్గం
ఉడుతలకు కూడా వాటానా!