హెడ్డింగ్‌లో ‘మృతి’ ఎవరికి, ‘హతమార్చారు’ ఎవరికి?

ఘాట్‌రోడ్డు:
పుట్టింది పాడేరు దగ్గర, ఉంటున్నది మధురవాడలో. ఏజెన్సీ వార్తలు చదివి చదివి ఒకటి పట్టుకున్నాను. పోలీసు తూటాకి మనిషి పోతే ‘ఎదురుకాల్పుల్లో మృతి’. మావోయిస్టులు చంపితే ‘ఘాతుకం’, ‘హతమార్చారు’. మొదటి దాంట్లో చంపినవాడు కనిపించనే కనిపించడు. 2016 అక్టోబరులో ఏవోబీలో, అంటే ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో, రామగూడ దగ్గర పోలీసు కాల్పుల్లో 20 మందికి పైగా పోయారు. నాకు గుర్తున్నది ఆ అంకె ఒక్కటే. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ మావోయిస్టులు చంపారు. వాళ్ల ఇల్లూ వాకిలీ, పిల్లలూ అన్నీ గుర్తున్నాయి. మావోయిస్టులు చంపినవాళ్లకి పేపర్లో మొహం ఉంటుంది, పోలీసులు చంపినవాళ్లకి ఉండదు.

డెస్క్_రిటైర్డ్:
మాస్టారూ, ఇరవయ్యేళ్లు హెడ్డింగులు పెట్టినవాణ్ణి. ‘మృతి’ రెండక్షరాలు, సింగిల్ కాలమ్‌లో పడుతుంది. బస్సు లోయలో పడినా మృతి, పిడుగు పడినా మృతి. ఇందులో కుట్ర ఏముంది?

ఘాట్‌రోడ్డు:
‘హతం’ కూడా రెండక్షరాలే కదండీ.

డెస్క్_రిటైర్డ్:
పెడుతూనే ఉన్నాం కదా! ‘ఎన్‌కౌంటర్‌లో ముగ్గురు మావోయిస్టులు హతం’ అని ఎన్నిసార్లు చదవలేదు మీరు? మీ వాదన అక్కడే పోయింది.

ఘాట్‌రోడ్డు:
హతం అయింది సరే, చేసిందెవరు? కర్త ఏడీ?

గాజువాక_కుర్రాడు:
ఇద్దరూ తెలుగు సెకండ్ పేపర్ రాస్తున్నారా 😀

పాతకాగితాలు:
చిన్న మాట. 1879 రంప తిరుగుబాటుని బ్రిటిష్ కాగితాల్లో ‘ఫితూరీ’ అన్నారు. ఇప్పుడు మనకి పితూరీ అంటే చాడీలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయిన మనిషి పేరే ఇవాళ జిల్లాకి పెట్టుకున్నాం.

ఘాట్‌రోడ్డు:
వాకపల్లి సంగతి చెప్పండి డెస్క్‌గారూ. 2007 ఆగస్టు 20. గ్రేహౌండ్స్ వాళ్లు, అంటే మావోయిస్టుల కోసం గాలించే ప్రత్యేక పోలీసులు, అత్యాచారం చేశారని ఆ ఊరి 11 మంది కోందు గిరిజన ఆడవాళ్లు చెప్పారు. ఏళ్ల తరబడి ‘ఆరోపణ’, ‘ఆరోపణ’ అనే చదివాం. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆ ఆడవాళ్లకి పరిహారం ఇమ్మంది. మా ఇంటికొచ్చే పేపర్లో మొదటి ముక్క హెడ్డింగ్, రెండోది చివరి పేరా.

డెస్క్_రిటైర్డ్:
‘ఆరోపణ’ అనకుండా ఏమనమంటారు? కోర్టు తేల్చకముందే మనం తేల్చేస్తే పరువునష్టం నోటీసు వచ్చేది ఎవరికి?

ఘాట్‌రోడ్డు:
మరి చనిపోయిన ఊరివాణ్ణి ‘మిలీషియా సభ్యుడు’, అంటే మావోయిస్టుల ఊరి దళంలో మనిషి, అన్నప్పుడు ఆ జాగ్రత్త ఏమైపోతుంది? పోలీసులు అలా అన్నారు, మీరు అలా వేశారు. నోటీసు పంపే స్తోమత వాడికి లేదనేగా!

డెస్క్_రిటైర్డ్:
రాత్రి తొమ్మిదింటికి ఎస్పీ ఆఫీసు నుంచి ప్రెస్ నోట్ వస్తుంది. పదిన్నరకి పేజీ వెళ్లాలి. ఊరికి రోడ్డు లేదు, సిగ్నల్ లేదు. అక్కడి మా విలేకరి బైకు మీద వెళ్తే ఇటు పోలీసులకి అనుమానం, అటు మావోయిస్టులకి అనుమానం. ఏసీలో కూర్చుని టైప్ చేయడం తేలిక.

చింతపల్లి_ఆడపడుచు:
మా చిన్నాన్నని రాత్రి ఇంట్లోంచి తీసుకెళ్లి చంపేశారు. మావోయిస్టులే. పేపర్లో ‘ఇన్ఫార్మర్ నెపంతో’ అని వేశారు. నెపం అంటే సాకని చదువుకున్నవాళ్లకి తెలుసు. సంతలో మాకు మిగిలింది ‘ఇన్ఫార్మర్’ ఒక్కటే. ఆయన కాఫీ తోట పట్టా కోసం ఆఫీసు చుట్టూ తిరిగేవారు, అంతే. ఆ సంగతి ఎవరూ రాయలేదు. పైగా ఇంటిపేరు తప్పు. పరిహారం కాగితాలకి పేపర్ కటింగ్ జత చేస్తే, ‘ఇది మీ మనిషేనా’ అని గుమస్తా రెండుసార్లు వెనక్కి పంపాడు.

ఘాట్‌రోడ్డు:
చూశారా డెస్క్‌గారూ, నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

చింతపల్లి_ఆడపడుచు:
మీరు చెప్పింది ఇది కాదన్నా. మావోయిస్టులు చంపినవాళ్లకి పేపర్లో మొహం ఉంటుందన్నారు. మా చిన్నాన్నకి ఏదీ? ఎమ్మెల్యేకి ఉంటుంది. ఎవరు చంపారన్న దగ్గరే మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. పోయింది ఎవరన్నది చూడరు.

డెస్క్_రిటైర్డ్:
సరే, దాచకుండా చెప్తాను, తిట్టుకోండి. అలాంటి వార్తలు ఏజెన్సీ జోన్ పేజీకి వెళ్తాయి. సిటీ ఎడిషన్‌లో రావు. పేపరు కొనేవాడు ఎంవీపీ కాలనీలో ఉన్నాడు, యాడ్ ఇచ్చేవాడు డాబాగార్డెన్స్‌లో ఉన్నాడు. మీ కొండ మీద సర్క్యులేషన్ ఎంతని?

ఘాట్‌రోడ్డు:
ఇప్పుడు బయటపడ్డారు! మేము వార్తలమే గానీ పాఠకులం కాదన్నమాట. అక్షరాలు లెక్కపెట్టించారు ఇంతసేపూ.

డెస్క్_రిటైర్డ్:
నేనన్నది లెక్క. మీరు దాన్ని తిట్టుగా తీసుకుంటే నేనేం చెయ్యను?

గాజువాక_కుర్రాడు:
నేను పుట్టి పెరిగింది సిటీలోనే. నిజంగా ఇవేవీ చదివిన గుర్తు లేదు.

చింతపల్లి_ఆడపడుచు:
మా ఊరికి ఆ రోజు పేపరు మధ్యాహ్నం జీపులో వచ్చింది. మా నాన్నమ్మకి చదువు రాదు, నేనే చదివి వినిపించాను. ‘ఇన్ఫార్మర్’ దగ్గర ఆగిపోయి, ఆ మాట వదిలేసి చదివాను.

డెస్క్_రిటైర్డ్:
ఏ సంవత్సరం అమ్మా? ఆ పేజీ నేనే చూసి ఉంటానేమో.

చింతపల్లి_ఆడపడుచు:
తేదీ ఇక్కడ పెట్టను సార్. ఇంటిపేరు ఇప్పుడైనా దిద్దుతారా, వీలుందా?

డెస్క్_రిటైర్డ్:
పాత పేపరు దిద్దరమ్మా. సవరణ వేస్తే ఆ వారంలోనే వేయాలి. కటింగ్ ఫోటో నాకు పర్సనల్‌గా పంపు. తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, అడిగి చూస్తాను.