బిస్ట్రో ఆరుబయట బల్లల దగ్గరికి కుక్కను తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న:
నమస్కారమండి. మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. ఆదివారం ఉదయం మా రెండేళ్ల లాబ్రడార్ బుజ్జిని నడకకు తీసుకెళ్లి, వచ్చేటప్పుడు వీధి చివరి చిన్న బిస్ట్రోలో ఆగి టిఫిన్ చేయాలని మా ఇద్దరికీ ఎంతో ఇష్టం. కిందటి వారం అలాగే బయట కూర్చుని లీష్‌ను బల్ల కాలికి కట్టాము. ఇంకో కుక్క అటుగా రాగానే బుజ్జి ఒక్క ఉదుటున దూకడంతో బల్ల ఒరిగి, కాఫీ పక్కనున్న పెద్దావిడ కోటు మీద పడింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు గాని, నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. మళ్లీ తీసుకెళ్లవచ్చా? ఇక్కడి నిబంధనలేమిటి?

జవాబు 1:
కాలిఫోర్నియాలో 2015 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, బిస్ట్రో యజమాని ఒప్పుకుంటే ఆరుబయట భోజనం చేసే చోటికి పెంపుడు కుక్కను తీసుకెళ్లవచ్చు. ఒప్పుకోవడం మాత్రం పూర్తిగా వారి ఇష్టం. కుక్క లోపలి గదుల గుండా రాకుండా బయటి నుంచే దారి ఉండాలి, లీష్ తీయకూడదు, కుర్చీ ఎక్కించకూడదు, నీళ్లయినా తిండైనా వాడి పారేసే గిన్నెల్లోనే పెట్టాలి. పనిలో ఉన్న వడ్డనవారు కుక్కను తాకకూడదు కనుక, వారు ముద్దు చేయలేదని నొచ్చుకోకండి. స్థానిక నియమాలు ఇంతకంటే కఠినంగా ఉండవచ్చు కాబట్టి ముందుగా ఫోన్ చేసి అడగడం మంచిది.

జవాబు 2:
ఇందులో బుజ్జి తప్పేమీ లేదండి. 30 కిలోల కుక్క ఒక్కసారిగా లాగితే తేలికపాటి బల్ల నిలవదు. లీష్ ఎప్పుడూ మన చేతిలోనే ఉండాలి. మేమైతే ముందు ఇంట్లో పాత తువ్వాలు పరిచి, మా కుక్క దాని మీద పడుకున్నప్పుడల్లా చిన్న చికెన్ ముక్క పెట్టేవాళ్లం; మొదట ఒక నిమిషం, తర్వాత అయిదు, చివరికి మా భోజనం అయ్యేంతసేపు. ఆ తువ్వాలునే బిస్ట్రోలో ఓ మూల బల్ల కింద పరిస్తే, రెండుసార్లు గుండ్రంగా తిరిగి, గడ్డం నా చెప్పు మీద ఆనించి పడుకుంది. అయినా మొదటిసారి కాఫీ మాత్రమే తాగి ఇరవై నిమిషాల్లో వచ్చేశాము. ఎండ లేకపోయినా రొప్పడం, పదేపదే ఆవులించడం, పెదవులు నాక్కోవడం చాలావరకు బెదురుకు గుర్తులు. అవి కనబడితే పళ్లెంలో సగం మిగిలి ఉన్నా లేవవలసిందే. మన పళ్లెంలోది పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం.

జవాబు 3:
మా అమ్మాయిని చిన్నప్పుడు కుక్క కరిచింది. కూర్చునే ముందు "ఇక్కడ కుక్క ఉంటే మీకు ఇబ్బందా?" అని పక్క బల్లవారిని ఒక్క మాట అడగండి. అలా అడిగినవారి కుక్క దగ్గర మా పాప భయపడకుండా భోజనం ముగించింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రే తువ్వాలు పరుస్తాము. పెద్దావిడ మళ్లీ కనబడితే, కోటు శుభ్రం చేయించిన ఖర్చు ఇస్తానని ముందు అడుగుతాను.