1970 షెవెల్ ఎస్‌ఎస్ 454: అసలుదో కాదో తేల్చేదెలా?

అమ్మకానికి వచ్చిన ఈ షెవర్లే షెవెల్ కారు విన్ (వాహన గుర్తింపు నంబరు) 13637తో మొదలవుతోంది. అంటే మాలిబు వీ8, రెండు డోర్ల హార్డ్‌టాప్. ఆ ఏడాది ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్) అనేది అదనంగా ఎంచుకునే ప్యాకేజీయే కాబట్టి విన్‌లో కనపడదు. 454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ బ్లాకు మీద పోతలోనే వచ్చే కాస్టింగ్ నంబరు 3963512. అయితే 360 హార్స్‌పవర్ ఎల్‌ఎస్5కీ, 450 హార్స్‌పవర్ ఎల్‌ఎస్6 ఇంజిన్‌కీ నంబరు అదే!

అసలు అనుమానం ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ ముందు, కోడ్ ముద్రించే చదునైన ప్యాడ్ మీదే. సీఆర్‌వీ అని మాన్యువల్ గేర్లున్న ఎల్‌ఎస్6 కోడ్ కొట్టి ఉంది గానీ, ఫ్యాక్టరీ మెషినింగ్ వదిలే సన్నగీతలు లేవు, నున్నగా ఉంది. బ్లాకు పైభాగం చెక్కిస్తే గీతలు పోతాయి, ఆపైన ఏ కోడైనా కొట్టొచ్చు.

ఆయిల్ పాన్ విప్పి ఎల్‌ఎస్6లో క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే నాలుగు బోల్టుల మెయిన్ క్యాపులు చూస్తే సరిపోతుందా? పెట్రోల్ ట్యాంకు పైన బిల్డ్ షీట్ (కారులో ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం) లేకపోతే దేన్ని నమ్మాలి? ఇలాంటివి విప్పి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.