బంతి లెక్కలో వచ్చే రుణ మూలాన్ని ఊరికే కొట్టేయాలా?

పదోక్లాసు_అమ్మ: మా అమ్మాయి వర్గ సమీకరణాలు చేస్తోంది. 1.5 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 14 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే ఎప్పుడు నేలను తాకుతుంది అని లెక్క. 1.5 + 14టి − 4.9టి² = 0 (టి అంటే విసిరాక గడిచిన సెకన్లు) సాధిస్తే రెండు మూలాలు, అంటే జవాబులు, 2.96, −0.10 వచ్చాయి. కాలం రుణం కాదు, కొట్టేయమన్నారట ట్యూషన్‌లో. "తప్పు జవాబైతే సూత్రం ఎందుకిచ్చిందమ్మా?" అని పట్టుకుంది. ఏం చెప్పను?

చాక్‌పీస్: పిల్ల అడిగింది సరైన ప్రశ్నండీ. నేను ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నా, ఇది అడిగేవాళ్లు తక్కువ. బంతి చేతిలోంచి బయల్దేరిందని సమీకరణానికి తెలియదు. అదే బంతి నేల మీంచి లేచి, మన చేతి ఎత్తుకొచ్చేసరికి వేగం సరిగ్గా 14 ఉండాలంటే, సెకనులో పదో వంతు ముందు 15 వేగంతో బయల్దేరి ఉండాలి. ఆ క్షణమే −0.10. కొట్టేయండి, కానీ అర్థం చెప్పి కొట్టేయండి.

డాబామీద: అదే లెక్కలో నేల బదులు 6.4 మీటర్ల ఎత్తులో ఉన్న పిట్టగోడ పెట్టి చూడండి. 0.41, 2.45 వస్తాయి, రెండూ ధనాలే, పైకి పోతూ ఒకసారి, దిగుతూ ఒకసారి. మేం మావాడితో టెన్నిస్ బంతి వేయించి ఫోన్‌లో స్లో మోషన్ తీశాం, సెకనుకు 240 ఫ్రేములు. గోడ దాటిన ఫ్రేమూ మళ్లీ దిగిన ఫ్రేమూ పట్టుకుని సరిగ్గా మధ్యది తెరిస్తే బంతి గాల్లో ఆగిపోయినట్టుంది! సూత్రంలో రెండు మూలాలకు సరిగ్గా మధ్యనుండే −బి/2ఎ అంటే అదేరా అని చూపించా, ఇక మర్చిపోలేదు. 12 మీటర్లు పెడితే విచక్షణి (సూత్రంలో వర్గమూలం కింద ఉండే బి² − 4ఎసి) −9.8, అంటే బంతి అంత ఎత్తుకు పోనే పోదు, 11.5 దగ్గరే తిరిగొచ్చేస్తుంది.

గ్రౌండ్‌మాస్టర్: విసిరే ఎత్తు షాట్‌పుట్‌లోనూ లెక్కలోకొస్తుంది. ఎక్కువ దూరం పోవాలంటే 45 డిగ్రీల కోణంలో వేయాలని పిల్లలకు అందరూ నూరిపోస్తారు. అది నేల మీంచి విసిరితేనే. గుండు చేతిని వదిలేది దాదాపు 2 మీటర్ల ఎత్తులో, వేగం 14 అనుకుంటే లెక్క ప్రకారమే 42 దగ్గర ఎక్కువ దూరం పోతుంది. పైగా కోణం పెరిగేకొద్దీ అదే చేతి బలంతో గుండుకు వచ్చే వేగం తగ్గుతుంది, అందుకే మా వాళ్లకు ఇంకా తక్కువ కోణంలోనే వేయమంటా.

పదోక్లాసు_అమ్మ: అందరికీ థాంక్సండీ. ఆదివారం డాబా ఎక్కుతున్నాం. ఇంట్లో షటిల్‌కాక్ ఉంది, దాంతో చేయొచ్చా?

డాబామీద: వద్దండీ, గాలి దాన్ని పట్టి ఆపేస్తుంది, ఈ సమీకరణం గీసే వంపు, అదే పరావలయం, రాదు. బంతే తీసుకోండి, గోడ ఎత్తు టేపుతో ముందే కొలిచి పెట్టుకోండి.